ఆఫ్రికా మైదాన జంతువుల వేట: బుల్లెట్ బరువుపై అపోహలు - వాస్తవాలు

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో సరదా వేటకు తెరపడింది. దక్షిణాఫ్రికా, నమీబియాల్లో పర్మిట్ ఉండి, లైసెన్సున్న ప్రొఫెషనల్ హంటర్ వెంట ఉంటే విదేశీయులు కూడా చట్టబద్ధంగా వేటాడవచ్చు. అలా వెంట నడిచే పనే నాది. అమెరికా నుంచి వచ్చే మనవాళ్లు కూడా అప్పుడప్పుడూ తగులుతుంటారు. టికెట్ కొనకముందే ఫోన్ చేసి "అన్నా, ఎన్ని గ్రెయిన్లు తెచ్చుకోమంటావ్?" అంటారు. బుల్లెట్ బరువును కొలిచేది గ్రెయిన్లలోనే, గ్రాముకు దాదాపు 15.4 గ్రెయిన్లు. ఆ అంకె కంటే ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి.

అపోహ: ఆఫ్రికా జంతువులు మొండివి, ఎంత బరువు బుల్లెట్ అయితే అంత మంచిది.

మైదాన జంతువులన్నీ ఒక్క సైజు కావు. స్ప్రింగ్‌బాక్ అనే చిన్న జింకలో మగది 40 కిలోల దగ్గర ఆగిపోతుంది. మెలికల కొమ్ముల జింక కూడూలో మగది 250 కిలోలు ఉంటుంది. ఎద్దంత ఉండే జింక ఎలాండ్‌లో పోతు 900 కిలోల దాకా పెరుగుతుంది. వీటన్నిటికీ కలిపి ఒకే రైఫిల్ తెచ్చుకునేవాళ్లకు .30-06 అనే తూటా రకంలో 165 నుంచి 180 గ్రెయిన్లు చెబుతాను. అదే క్యాలిబర్‌లో 220 గ్రెయిన్ల మొద్దు ముక్కు బుల్లెట్ కూడా దొరుకుతుంది. దక్షిణాఫ్రికాలోని లింపోపో పొదల్లో 80 మీటర్ల దూరానికి అది బ్రహ్మాండం. కానీ వేగం తక్కువ, గాలిని చీల్చే ఆకారం కాదు. నమీబియా బయలు నేలల్లో 250 మీటర్లకు వెళ్లేసరికి బాగా కిందికి జారుతుంది. పైగా తన్ను (కాల్చినప్పుడు రైఫిల్ భుజాన్ని వెనక్కి నెట్టే దెబ్బ) ఎక్కువ. తన్నుకు బెదిరి ట్రిగ్గర్‌ను గుంజేసేవాళ్ల చేతిలో ఏ బరువు బుల్లెట్టూ గురికి తగలదు.

అపోహ: తేలిక బుల్లెట్ వేగంగా పోతుంది, చంపేది వేగమే.

లెక్క చూద్దాం. .30-06లో 150 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు సుమారు 884 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది, దాని శక్తి దాదాపు 3,800 జూల్స్. 180 గ్రెయిన్లది 823 మీటర్లతో బయల్దేరి 3,950 జూల్స్ దాకా ఇస్తుంది. అంటే శక్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండింటినీ 200 గజాలకు జీరో చేస్తే (అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా స్కోపును సరిచేస్తే) 300 గజాల దగ్గర వాటి జారుడులో తేడా రెండు మూడు సెంటీమీటర్లే. ట్రైపాడ్ మీద ఆనించి కాల్చేటప్పుడు మన చేతి వణుకే అంతకంటే ఎక్కువ.

అసలు ప్రమాదం దగ్గరి దూరాల్లో ఉంది. మెత్తటి మామూలు బుల్లెట్, అందులోనూ తేలికది, 50 మీటర్లలో పూర్తి వేగంతో విల్డెబీస్ట్ (ఎద్దులాంటి పెద్ద జింక) భుజం ఎముకను కొడితే అక్కడే ముక్కలైపోతుంది. పైన పెద్ద గాయమవుతుంది, లోపల ఊపిరితిత్తి మాత్రం భద్రంగా ఉంటుంది. 1946లో కెనడాలో ఒక మూస్ మీద తన బుల్లెట్లు సరిగ్గా దిగకపోయాకే అమెరికా వేటగాడు జాన్ నోస్లర్ మధ్యలో అడ్డుగోడ ఉన్న పార్టిషన్ బుల్లెట్ తయారు చేశాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెక్కుచెదరకుండా లోపలికి పోతుంది. ఏడు దశాబ్దాలు దాటినా దాన్ని తెచ్చేవాళ్లు ఉన్నారంటే ఊరికే కాదు.

అపోహ: పెట్టె మీద ఒకే బరువు రాసి ఉంటే రెండూ ఒకటే.

కాదు. మెత్తటి 180 కంటే సీసం, తొడుగు విడిపోకుండా అతికించిన బాండెడ్ 165నే నేను నమ్ముతాను. పూర్తి రాగి బుల్లెట్ల సంగతి ఇంకా వేరు. అవి బరువు దాదాపు కోల్పోవు కాబట్టి ఒక మెట్టు తగ్గినా ఫర్వాలేదు, 150 చాలు. సీసం సాంద్రత 11.3, రాగిది 9 లోపే. అంటే అదే బరువుకు రాగి బుల్లెట్ పొడుగవుతుంది. పొడుగు బుల్లెట్ గాల్లో నిలకడగా తిరగాలంటే బారెల్ ట్విస్ట్ (లోపలి మెలిక గాళ్లు బుల్లెట్‌ను తిప్పే తీరు) వేగంగా ఉండాలి. 12 అంగుళాలకు ఒక చుట్టు తిప్పే పాత .308 రకం రైఫిల్ బారెల్లో మరీ బరువైన రాగి బుల్లెట్ వేసి, తూటాలు ఒకేచోట పడటం లేదని రైఫిల్‌ను తిట్టుకునేవాళ్లు ఉంటారు. రాగితో ఇంకో మేలు, వదిలేసిన పేగుల్లో సీసం తునకలు ఉండవు. అవి తిని రాబందులు చస్తున్నాయి.

అపోహ: పెద్ద బుల్లెట్ జంతువును ఎత్తి పడేస్తుంది.

180 గ్రెయిన్ల బుల్లెట్ ద్రవ్యవేగం మొత్తం 250 కిలోల కూడూకు అందినా, అది కదిలే వేగం సెకనుకు 4 సెంటీమీటర్లు. ఎగిరిపడటం సినిమాల్లోనే. నాడులు తెగితే కూలుతుంది, లేదా రక్తం పోయి కొంత దూరం పరిగెత్తి పడిపోతుంది.

అపోహ: బరువు బుల్లెట్ కొమ్మల్ని చీల్చుకుని పోతుంది.

ఏదీ పోదు. సందు దొరికే దాకా ఆగాలి, అంతే.

అపోహ: పాతకాలం ఏనుగుల వేటగాడు బెల్ 7×57 అనే చిన్న తూటాతో ఏనుగుల్నే కొట్టాడు, మనకు చిన్న బుల్లెట్ చాలదా?

కరమోజో బెల్ వాడినవి 173 గ్రెయిన్ల, విచ్చుకోని సాలిడ్ బుల్లెట్లు. దగ్గరికి వెళ్లి నేరుగా మెదడుకు కొట్టేవాడు. ఆ తూటా ఇచ్చేది సుమారు 2,750 జూల్స్. నమీబియాలో ఇవాళ ఏనుగుకు కనీసం 5,400 జూల్స్ ఉండాలి, కూడూ, జెమ్స్‌బాక్ (పొడవాటి నిటారు కొమ్ముల జింక)లకు 2,700, స్ప్రింగ్‌బాక్‌కు 1,350. చట్టం అడిగేది శక్తిని, బరువును కాదు.

బరువు మీద ఇంత చర్చ చేసేవాళ్లు గురి గురించి మాత్రం అడగరు. ఈ జింకల గుండె, ఊపిరితిత్తులు ముందు కాళ్ల మధ్య, కిందికి ఉంటాయి. అమెరికా జింకకు కొట్టినట్టు కాలి వెనక కొడితే పొట్టలో తగులుతుంది. పక్కకు నిలబడ్డప్పుడు ముందు కాలి వెంట పైకి వెళ్లి, ఒంటి ఎత్తులో మూడో వంతు దగ్గర ఆగండి. విల్డెబీస్ట్ మూపు ఎత్తుగా ఉండి కళ్లను మోసం చేస్తుంది, దానికి ఇంకాస్త కిందికే. గాయపడి తప్పించుకున్నా రక్తపు చుక్క కనబడితే చాలు, చాలా వేట ఫారాల్లో ఆ జంతువుకు పూర్తి రుసుము కట్టాల్సిందే.

రెండు బరువులు కలిపి తేవద్దు, రెండింటి జీరో వేరు. విమానంలో తూటాలకు సాధారణంగా 5 కిలోలే పరిమితి. నమీబియా రాజధాని విండ్‌హుక్ 1,650 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి గాలి పలచన, తూటా తగిలే చోటు కాస్త మారుతుంది. అందుకే దిగగానే రేంజికి తీసుకెళ్లి ముందు బెంచి మీద, ఆ తర్వాత ట్రైపాడ్ మీద కాల్పిస్తాను.