ఆన్‌లైన్ పోకర్: అపోహలు, వాస్తవాలు, కొంచెం నా గోడు

బెంగళూరులో ఒక ఆన్‌లైన్ పోకర్ కంపెనీలో ఆరేళ్లు పనిచేశాను. పేకాట ఆడటం కాదు, ఆడేవాళ్ల మీద ఓ కన్నేసి ఉంచడం నా పని. ఎవరైనా మోసం జరిగిందని ఫిర్యాదు చేస్తే ఆ రాత్రి ఆటంతా తెరిచి, పంచిన ప్రతి ముక్కా చూసేవాళ్లం. 2025 ఆగస్టులో, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ కేంద్రం చట్టం తెచ్చింది. డబ్బు టేబుళ్లు మూతపడ్డాయి, వాటితో పాటే మా టీమూ పోయింది. ప్రశ్నలు మాత్రం పోలేదు. ఏ పెళ్లికి వెళ్లినా మా బాబాయి పక్కన చేరి, "ఏరా, ముక్కలు వేసేది కంప్యూటరే కదా, దానికి ఇష్టమొచ్చినట్టు వేసుకోదా?" అంటాడు.

అపోహ: కంప్యూటర్ కావాలనే మనల్ని ఓడిస్తుంది

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పోకర్ 1998లో మొదలైంది. మరుసటి ఏడాదే అమెరికాలో కొందరు సాఫ్ట్‌వేర్ నిపుణులు అప్పటి ఒక పోకర్ సాఫ్ట్‌వేర్ గుట్టు రట్టు చేశారు. 52 ముక్కల పేక ఎన్ని వరసల్లో రావచ్చో లెక్కేస్తే 68 అంకెల సంఖ్య వస్తుంది. ఆ సాఫ్ట్‌వేరేమో అర్ధరాత్రి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో చూసి, దాన్ని బట్టి పేక కలిపేది. రోజుకు ఉండే మిల్లీసెకన్లు 8 కోట్ల 64 లక్షలే, అంటే పేక అన్ని వరసల్లోనే రాగలదు. తన చేతిలో రెండు ముక్కలు, టేబుల్ మీద అందరికీ కనిపించే మూడు తెలిస్తే చాలు, మిగతా అందరి ముక్కలూ చెప్పేయొచ్చు.

ఆ లోపం అప్పుడే బయటపడి మంచి పనే అయింది. తర్వాత పేరున్న కంపెనీలు పేక కలిపే పద్ధతిని బయటి ల్యాబులతో పరీక్ష చేయించుకోవడం మొదలుపెట్టాయి. అయినా నాకొచ్చిన ఫిర్యాదుల్లో సగం ఒకటే పాట: "చేతిలో రెండు ఏసులున్నా ఓడిపోయాను." పోకర్‌లో చేతికొచ్చే జతల్లో ఏసులదే పెద్దది, దాని తర్వాత రాజులది. ఏసుల జత సగటున 221 ఆటలకు (ముక్కలు ఒకసారి పంచితే ఒక ఆట) ఒకసారి వస్తుంది. గంటకు 30 ఆటలు నడిచే కేసినో టేబుల్ మీదైతే ఏడు గంటలకోసారి. ఆన్‌లైన్‌లో నాలుగు టేబుళ్లు తెరిచి కూర్చుంటే గంటకు 280 ఆటలు, అంటే గంటలోపే. అవతలివాడి దగ్గర రాజుల జత ఉన్నా మన ఏసులు వందలో 18 సార్లు ఓడతాయి. కేసినోలో ఏడాదికి పడే దెబ్బలు ఇక్కడ నెలన్నరలోపే తగిలేస్తాయి, అంతే. అయినా ఎవరు గెలిచినా కమీషన్ వచ్చే కంపెనీకి మిమ్మల్ని ఓడించడం దేనికి?

అసలు మోసం టేబుల్ చుట్టూ ఉంటుంది. ఒక కేసు నాకు బాగా గుర్తు. ఇద్దరు ఆటగాళ్లు, ఊళ్లు వేరు, పేర్లు వేరు. రోజూ రెండు నిమిషాల తేడాతో ఒకే టేబుల్‌కి వచ్చేవారు. ఒకతను చేతిలో రాజుల జత ఉండగా, రెండోవాడు పందెం పెంచగానే ముక్కలు పడేసి ఆ ఆట నుంచి తప్పుకున్నాడు. పోకర్ తెలిసినవాడెవడూ ఆ పని చేయడు. పడేసిన ముక్కలు తోటి ఆటగాళ్లకు కనిపించవు, ఆట ముగిశాక మాకు కనిపించేవి. తవ్వితే ఇద్దరి డబ్బూ చేరేది ఒకే బ్యాంకు ఖాతాకి. బావా బామ్మర్దులు.

ఇంటిదొంగలూ లేకపోలేదు. 2007, 2008 ప్రాంతంలో అల్టిమేట్‌బెట్, అబ్సల్యూట్ పోకర్ అనే సైట్లలో లోపలివాళ్లే అందరి ముక్కలూ చూస్తూ ఆడారు. దాన్ని పట్టుకున్నది కంపెనీ కాదు, ఆటల రికార్డులు ముందేసుకుని కూర్చున్న ఆటగాళ్లే.

అపోహ: పెద్ద పేరున్న సైటైతే డబ్బుకు ఢోకా లేదు

2003లో క్రిస్ మనీమేకర్ అనే అమెరికా అకౌంటెంట్ 86 డాలర్ల ఆన్‌లైన్ టోర్నమెంట్ నుంచి వెళ్లి లాస్ వేగాస్ ప్రపంచ పోటీ గెలిచాడు. 25 లక్షల డాలర్లు. ఇంటిపేరే మనీమేకర్, ఇక చెప్పాలా! ఆ ఏడాది ఆ పోటీలో 839 మంది ఉంటే 2006కి 8,773 మంది అయ్యారు. ఆ ఊపులో పెరిగిన సైట్లలో ఫుల్ టిల్ట్ ఒకటి. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం కేసు పెట్టేసరికి, ఆటగాళ్లకు వెనక్కివ్వడానికి దాని దగ్గర డబ్బే లేదు. వాళ్ల డిపాజిట్లను కంపెనీ ఖర్చుల నుంచి విడిగా పెట్టలేదు. మరుసటి ఏడాది పోకర్‌స్టార్స్ అనే మరో సైటు దాన్ని తీసుకున్నాకే ఆ బాకీలు తీరే దారి దొరికింది.

అందుకే విదేశాల్లో చట్టబద్ధంగా ఆడే మనవాళ్లు సలహా అడిగితే బోనస్ సంగతి తర్వాత చూడమంటాను. ఆటగాళ్ల డబ్బు విడి ఖాతాలో ఉంచాలని అక్కడి లైసెన్సు షరతు పెడుతోందా? చిన్న మొత్తం వేసి, ఆడకముందే వెనక్కి తీసి చూశారా? ఎన్ని రోజులు పట్టింది?

అపోహ: బాగా ఆడేవాడు గెలుస్తాడు

గెలవొచ్చు, రేక్ పోను మిగిలితే. రేక్ అంటే ప్రతి ఆటలో పోగైన పందెంలోంచి టేబుల్ నడిపేవాడు తీసుకునే కమీషన్. ఆరుగురు తలా 2,000 తెచ్చారనుకోండి, మొత్తం 12,000. గంటకు 70 ఆటలు, ఆటకు పోగయ్యే పందెం సగటున 300, కమీషన్ 5 శాతం. ఆటకు 15 చొప్పున గంటకు 1,050. నాలుగు గంటల్లో 4,200 టేబుల్ దాటి పోయింది. మిగిలిన 7,800 కోసం ఆరుగురూ కొట్టుకోవాలి.

అపోహ: నైపుణ్యం ఆట కాబట్టి ఇబ్బంది లేదు

ఈ మాటకు మూలం మన సికింద్రాబాదే. అక్కడి ఒక క్లబ్బు కేసులో 1968లో సుప్రీంకోర్టు, రమ్మీ మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదు, అందులో నైపుణ్యమే ఎక్కువంది. పోకర్ కంపెనీలు చాలాకాలం ఆ నీడలోనే బతికాయి. కానీ తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. అప్పట్లో ఫోన్‌లో లొకేషన్ మార్చి హైదరాబాద్ నుంచి ఆడి, గెలిచాక ఆధార్‌లో అడ్రస్ దగ్గర దొరికిపోయినవాళ్లు నాకు వారానికి నలుగురైనా తగిలేవారు. 2025 చట్టం దేశమంతటికీ తలుపు మూసింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా అందులో లేదు. నడిపేవాడికి మూడేళ్ల వరకు జైలు, కోటి వరకు జరిమానా. ఆడేవాడికి శిక్ష లేదు.

శిక్ష లేదు కదా అని ఇప్పుడు టెలిగ్రామ్‌లో ఏజెంట్లు విదేశీ యాప్‌లు అంటగడుతున్నారు. ఓ దూరపు బంధువు స్క్రీన్‌షాట్ పంపి, "ఇది మంచిదేనా అన్నా?" అన్నాడు. డబ్బు వేయమన్న యూపీఐ ఐడీ కంపెనీది కాదు, ఎవరో ఒక మనిషిది. మర్నాటికి ఇంకో పేరు. ఇలాంటి ఖాతాల మీద సైబర్ కేసు పడితే, వాటితో లావాదేవీ జరిపిన మన ఖాతా కూడా ఫ్రీజ్ కావొచ్చు. ముక్కలు సరిగ్గా పంచుతున్నారా లేదా అన్న చర్చ దాకా పోనేలేదు నేను.

బాబాయి ఇప్పుడు డబ్బు లేకుండా, ఉత్తుత్తి చిప్స్‌తో (పందెం బిళ్లలతో) ఆడుతున్నాడు. మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్. "ఏరా, రెండు ఏసులు! రెండు ఏసులు పెట్టుకుని ఓడిపోయాన్రా. ఇందులో కూడా ఏదో ఉంది."