బానెట్ కింద గూడు

దసరాకు నెల్లూరు వెళ్ళి పదకొండు రోజుల తర్వాత బెంగళూరు తిరిగొచ్చాం. మర్నాడు పొద్దున సెల్లార్‌లో కారు తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు మీద లైట్లన్నీ ఒక్కసారే వెలిగాయి. ఇంజన్ మాత్రం కదల్లేదు. మా మున్నెకొళాల వైపు వచ్చే మెకానిక్‌ది మదనపల్లె. బానెట్ ఎత్తి, టార్చి వేసి, ఒక నిమిషం అలాగే చూస్తూ నిలబడ్డాడు.

“మీరు ఊర్లో లేనప్పుడు ఎలకలు ఈడ కాపురం పెట్టేసినాయి సార్.”

బ్యాటరీ పక్కనున్న సందులో గుప్పెడు వేరుశెనగ తొక్కలు, ఎండిన కొబ్బరి ముక్క, కుక్కలకు వేసే బిస్కెట్ సగం. వాటి మీద బూడిదరంగు పీచు మెత్తగా పరిచి ఉంది. వేడీ చప్పుడూ ఆపడానికి బానెట్ లోపలి వైపు బిగించే మెత్తటి అట్ట అది. దాన్ని చీల్చి చీల్చి తెచ్చి పక్క వేసుకున్నాయి. ఆ పక్క వెనకే మూడు వైర్లు తెగి ఉన్నాయి. రాగి పోగులు మెరుస్తున్నాయి. పై తొడుగు మీద జంట గాట్లు, ఉలితో చెక్కినట్టు వరసగా.

వైరులో తినడానికేముంది? అందరూ ముందుగా అడిగేది ఇదే. ఏమీ లేదు. ఎలుకకు పైన రెండు, కింద రెండు కొరుకుడు పళ్ళుంటాయి. మన పళ్ళలా ఒకసారి వచ్చి ఆగిపోయేవి కావు, బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి. వారానికి రెండు, మూడు మిల్లీమీటర్లు. అరగకుండా వదిలేస్తే ఏడాదికి 10 సెంటీమీటర్లు దాటిపోతాయి. అప్పుడిక నోరు మూయడానికి వీలుండదు, తిండి దిగదు. ఆ పంటికి ముందు వైపు మాత్రమే గట్టి పింగాణి పొర ఉంటుంది, వెనకంతా దానికన్నా మెత్తటి డెంటీన్. కొరికేకొద్దీ వెనక భాగం త్వరగా అరిగి, ముందు అంచు ఉలి మొనలా తేలుతుంది. వాడకంలోనే పదునెక్కే పనిముట్టన్నమాట. ఆ పళ్ళు పసుప్పచ్చగా, నారింజ రంగులో కనిపించేది పాచి పట్టి కాదు, పింగాణిలో ఇనుము చేరడం వల్ల. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద రాగిది 3, ఈ పళ్ళది 5కు పైనే. రాగే ఆగలేని చోట పల్చటి పీవీసీ తొడుగు ఏం ఆగుతుంది!

ఇంకో ఏర్పాటు ఉంది. దాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. కొరుకుడు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య పెద్ద ఖాళీ ఉంటుంది. కొరికేటప్పుడు ఎలుక పెదవుల్ని ఆ ఖాళీలోకి లాక్కుని, పళ్ళను బయట ఉంచి నోరు మూసేసుకుంటుంది. దాంతో పొట్టు బయటే రాలిపోతుంది. ఎలుకకు కొరకడం వేరు, తినడం వేరు. మా కారు కింద రాలిన ప్లాస్టిక్ తురుము ఎక్కడిదక్కడే ఉండటానికి కారణం అదే.

ఈ మధ్య కార్ల వైర్ల తొడుగులో సోయా కలుపుతున్నారనీ, అందుకే ఎలుకలు ఎగబడుతున్నాయనీ ఒక మాట బాగా తిరుగుతోంది. ఈ వాదనతో అమెరికాలో కార్ల కంపెనీల మీద కేసులు కూడా వేశారు. నాకు మాత్రం ఇది నమ్మబుద్ధి కాదు. సోయా మాట పుట్టకముందే ఎలుకలు ఫోన్ కేబుళ్ళు కొరికాయి, ఇళ్ళలో కరెంటు వైర్లు కొరికాయి, సీసపు పైపులు కూడా కొరికాయి. వాటికి కావలసింది పంటికి అడ్డం పడే వస్తువు, అది సరైన లావుండాలి, తాము కాపురమున్న చోట దొరకాలి. అంతే.

ఇక నష్టం సంగతి. మా మెకానిక్ స్టీరింగ్ కింద ఉండే స్కానర్ సాకెట్‌లో ఆరో పిన్ను, పద్నాలుగో పిన్ను మధ్య మీటర్ పెట్టి చూపించాడు. 120 ఓమ్‌లు. “60 చూపించాల సార్, తెగింది,” అన్నాడు. ఆ రెండంకెల్లో చాలా కథ ఉంది. పాత కార్లలో ఒక్కో పనికి ఒక్కో వైరు వెళ్ళేది. 1986లో బాష్ సంస్థ క్యాన్ అనే పద్ధతిని లోకం ముందు పెట్టింది. ఇందులో ఇంజన్, బ్రేకులు, తాళం, డ్యాష్‌బోర్డు అన్నీ ఒకదానికొకటి మెలివేసిన రెండు సన్నని వైర్ల మీదే మాట్లాడుకుంటాయి. ఆ జంట వైరుకు రెండు చివర్లా 120 ఓమ్‌ల చొప్పున నిరోధకాలుంటాయి. రెండూ పక్కపక్కన కలిసి ఉంటే మీటరు 60 చూపుతుంది. మధ్యలో తెగితే ఒకటే కనిపిస్తుంది, 120. తాళం సరైనదేనన్న కబురు ఇంజన్ కంప్యూటరుకు అందలేదు, బండి కదల్లేదు. రెండంగుళాల వైరుకు ఇంత కథ. అతుకు వేసేటప్పుడు ఆ మెలి పోకుండా చూడాలి, వేడికి ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ ట్యూబు తొడగాలి. ఉత్త టేపు చుట్టి వదిలేస్తే నెమ్ముకు రాగి పచ్చబారి ఆర్నెల్లలో మళ్ళీ మొదటికొస్తుంది.

మాది తెగి ఊరుకున్న వైరు. అంతకన్నా ప్రమాదం, తొడుగు మాత్రమే పోయి బోసిగా మిగిలినది. అది బాడీకి తగిలితే నిప్పురవ్వే. పెట్రోలు వెళ్ళే నైలాన్, రబ్బరు పైపుల్నీ ఎలుకలు వదలవు. చాలా రోజులు నిలిపిన బండి దగ్గర పెట్రోలు వాసన వస్తే దయచేసి తాళం తిప్పకండి. మెకానిక్‌ను బండి దగ్గరికే పిలవండి.

అసలు కారే ఎందుకు? ఎలుక కళ్ళతో చూస్తే తెలుస్తుంది. చీకటి, నాలుగు వైపులా గోడల్లాంటి ఇరుకు, ఆగిన ఇంజన్ వెచ్చదనం, పైన పరుపు, ఎక్కడానికి మెట్టులా టైరు. ఎలుక మీసాలు గోడకు ఆనించుకుంటూ నడిచే జీవి, గోడవారగా ఆపిన బండి దాని దారిలోనే ఉంటుంది. బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరుల్లోనే వాన ఎక్కువ. రాజకాలువలు, అంటే ఊరి వాననీటి పెద్ద కాలువలు, నిండితే బొరియల్లోకి నీళ్ళొస్తాయి, అందులో ఉండేవి సెల్లార్లకెక్కుతాయి. వాటిలో పెద్దవి పందికొక్కులు, ఇక్కడి కన్నడంలో హెగ్గణ. ఇంగ్లీషువాళ్ళు ‘బాండికూట్’ అనేది మన ‘పందికొక్కు’నే. ఆ మాట ఓడలెక్కి ఆస్ట్రేలియా చేరి, అక్కడ ఎలుకకు ఏ చుట్టరికమూ లేని ఒక సంచి జంతువుకు పేరై కూర్చుంది. అయితే బానెట్లలో దూరేది ఎక్కువగా మామూలు నల్లెలుక. గోడలూ పైపులూ ఎక్కడంలో దాన్ని మించింది లేదు. చెట్టు కింద ఆపే బండికి ఉడత బెడద కూడా ఉంటుంది, దానివీ ఇవే పళ్ళు.

అన్నిటికన్నా తక్కువగా పట్టించుకునేది వాసన. ఎలుక తిరిగిన దారంతా మూత్రపు చుక్కలు వదులుతూ పోతుంది. మనకు తెలియని ఆ గుర్తు ఇంకో ఎలుకకు చిరునామా. జర్మనీలో ఈ పని మార్టెన్ అనే, ముంగిసంత జంతువు చేస్తుంది. అక్కడి బీమా సంస్థల లెక్కల్లో దాని కాట్లు ఏటా 2 లక్షల దరిదాపుల్లో ఉంటాయి. ఒక మార్టెన్ పడుకుని వెళ్ళిన కారును ఇంకో మార్టెన్ ఇలాకాలో ఆపితే, పరాయి వాసనకు రెచ్చిపోయి వైర్లు చీల్చేస్తుంది. అందుకే అక్కడ రిపేరుకన్నా ముందు ఇంజన్ కడిగిస్తారు. మన దగ్గర కొత్త వైరు వేసి, పాత గూడు వాసన అలాగే ఉంచి పంపేస్తున్నారు. నెల తిరక్కుండా అదే కారు మళ్ళీ వస్తోంది. కడిగేటప్పుడు గ్లవ్స్ వేసుకోవాలి. ఎండిన పెంటికల్ని గాలి కొట్టి ఎగరగొట్టకుండా బ్లీచింగ్ నీళ్ళతో తడిపి తుడవాలి. ఎలుక మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకుతుంది.

ఎలుకల్ని తరిమే ఉపాయాల విషయానికొస్తే, అల్ట్రాసౌండ్ పెట్టెలు నేను కొనను. ఎలుకకు మనకు వినబడని ధ్వనులు, 80 కిలోహెర్ట్జ్ దాకా, వినబడే మాట నిజమే. కానీ ఆ ధ్వని అడ్డున్న చోటల్లా ఆగిపోతుంది, ఎలుక కూడా కొద్ది రోజుల్లో దానికి అలవాటు పడుతుంది. ఇవి పనిచేస్తాయనడానికి ఆధారాలు చూపాలంటూ 2001లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 60కి పైగా తయారీదారులకూ అమ్మకందారులకూ హెచ్చరిక లేఖలు రాసింది. నాఫ్తలీన్ ఉండల ఆవిరి ఏసీ గుండా మన ముక్కుల్లోకే వస్తుంది. ఎర్ర రక్తకణాల్ని కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న పసిపిల్లల్లో అది రక్తకణాల్ని పగలగొడుతుంది. పొగాకు కాడలు వేడి సైలెన్సరు మీద పడితే అంటుకునే ప్రమాదముంది. విషం పెడితే ఎలుక రోజుల తర్వాత ఏ ఏసీ గొట్టంలోనో చచ్చి కుళ్ళుతుంది. దాన్ని తిన్న గుడ్లగూబకో పిల్లికో ఆ విషమే ఎక్కుతుంది.

కారానికి మాత్రం శాస్త్రం తోడుంది. మిరపలోని కారపు పదార్థం క్యాప్సైసిన్, నరాల్లో మంటను పసిగట్టే ఏ గ్రాహకానికి తగిలి మంట పుట్టిస్తుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. 2021 నోబెల్‌లో ఆయన వాటా దీనికే. ఆ గ్రాహకం మనకూ ఎలుకకూ ఒకేలా పనిచేస్తుంది. పక్షుల్లో దానికి క్యాప్సైసిన్ పట్టదు, అందుకే చిలుక పండు మిరపకాయను హాయిగా కొరుకుతుంది. హోండా సంస్థ క్యాప్సైసిన్ పట్టించిన టేపునే వైర్లకు చుట్టడానికి అమ్ముతుంది. వంటింటి కారప్పొడి చల్లితే ఆ ఫలితం రాదు, మొదటి వానకు కొట్టుకుపోతుంది. టేపు దొరక్కపోతే స్టీలు అల్లిక తొడుగు మేలు. మా మెకానిక్ బండి సామాన్లు అమ్మే జేసీ రోడ్డు నుంచి తెచ్చి వేశాడు. అద్దం కింద గాలి లోపలికి వెళ్ళే జాలీకి ఆరు మిల్లీమీటర్ల సందుల స్టీలు మెష్ బిగించాడు. అంతకన్నా పెద్ద సందైతే చుంచెలుక దూరిపోతుంది.

కానీ వైరు చుట్టూ ఎంత చేసినా, గూడు పెట్టుకునే వీలు మిగిలితే ఎలుక పక్క వైరు దగ్గరికి పోతుంది. అందుకని బండి దగ్గర్నుంచి సెల్లార్ వైపు నడిచాం. వీధికుక్కలకు ప్రేమగా తిండి పెట్టే మూడో అంతస్తు ఆంటీగారిని, రాత్రి మిగిలింది తీసేయమని అడిగాం. వెంటనే ఒప్పుకున్నారు. ఊరెళ్ళినప్పుడు తాళం వాచ్‌మన్‌కు ఇచ్చి, రెండు రోజులకోసారి బానెట్ ఎత్తి చూసి బండి కాస్త కదపమన్నాం.

తర్వాత ఒక రాత్రి నాలుగు టైర్ల ముందూ ముగ్గుపిండి పల్చగా పరిచాను. పొద్దున కుడి ముందు టైరు దగ్గర అడుగులు కనిపించాయి. ముందరి పాదాలకు నాలుగు వేళ్ళు, వెనకవాటికి ఐదు, మధ్యలో తోక గీసిన సన్నని గీత. పిండి అంటిన ఆ అడుగుల వెంటే గోడవారగా పోతే సంపు పక్కన పైపు గోడలోకి వెళ్ళే చోట, పైపు చుట్టూ రెండు వేళ్ళ సందు. అందులో మెష్ కుక్కి సిమెంటు పెట్టించాం. ఆ రాత్రీ, తర్వాతి మూడు రాత్రులూ పిండి పరిచాను. నాలుగో పొద్దున దాని మీద వాచ్‌మన్ చెప్పుల గుర్తులు తప్ప ఇంకేం లేవు.