వైరస్ దూరిందని ఒంటికి ఎలా తెలుస్తుంది?

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో చిన్నది అడిగింది, "తాతయ్యా, ఫ్లూ వైరస్ లోపలికి దూరిందని ఒంటికి ఎలా తెలుస్తుంది?" అని. మంచి ప్రశ్న, హడావిడిగా చెప్పి వదిలేసేది కాదు, అందుకే రాస్తున్నాను.

చిక్కేమిటంటే, వైరస్ జన్యువులూ మన జన్యువులూ ఒకే అక్షరాలతో రాసినవే. ఫ్లూ వైరస్ తెచ్చేది ఆర్‌ఎన్‌ఏ అనే జన్యు రాత, మన కణం నిండా కూడా ఆర్‌ఎన్‌ఏనే. మరి పరాయిది ఏదో ఎలా తేల్చాలి? కణం ఆ రాతంతా చదవదు, కొస చూస్తుంది. ప్రోటీన్ల కోసం మన కణం రాసుకునే ఆర్‌ఎన్‌ఏ మొదట్లో ఒక టోపీ ఉంటుంది (శాస్త్రవేత్తలూ దాన్ని క్యాప్ అనే అంటారు), అది కేంద్రకంలోనే తొడిగేస్తారు. ఫ్లూ వైరస్ జన్యు ఆర్‌ఎన్‌ఏకి ఆ టోపీ లేదు, మూడు ఫాస్ఫేట్లు బోడిగా బయటికే ఉంటాయి, పైగా దాని రెండు కొసలూ ఒకదానికొకటి అతుక్కుని జంట పోగులా ఉంటాయి. రిగ్-ఐ అనే ప్రోటీన్ సరిగ్గా ఆ కొసనే పట్టుకుంటుంది. వెంటనే ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్ తయారై పక్క కణాలకు కబురు వెళ్తుంది. జ్వరంలో మీకు వచ్చే ఒళ్లునొప్పులు, నీరసం చాలావరకు ఈ కబురు వల్లే, వైరస్ కొరికినందుకు కాదు.

డీఎన్‌ఏ దగ్గర లెక్క వేరు, అక్కడ చూసేది చోటు. మన డీఎన్‌ఏ ఉండాల్సింది కేంద్రకంలో, కొంచెం మైటోకాండ్రియాలో. బయట కణద్రవంలో కనబడిందంటే ఏదో తేడా జరిగినట్టే. దాన్ని పట్టేది సీగ్యాస్ అనే ప్రోటీన్, 2013లో డల్లాస్‌లో జేమ్స్ చెన్ బృందం బయటపెట్టింది. డీఎన్‌ఏ మోసుకొచ్చే హెర్పిస్ లాంటి వైరస్‌లు దీనికి దొరికిపోతాయి. కానీ సీగ్యాస్ అది ఎవరి డీఎన్‌ఏ అని అడగదు! అందుకే మన సొంత ముక్కలను ట్రెక్స్-1 అనే ఎంజైమ్ ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుండాలి. అది పుట్టుకతోనే చెడిపోయిన పసిపిల్లల్లో ఏ వైరస్ లేకుండానే ఇంటర్‌ఫెరాన్ పొంగి మెదడు దెబ్బతింటుంది. ఇది మొదటిసారి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇంకొకటి, అమెరికాలో మన పెద్దోడు వేయించుకున్న ఫైజర్ కోవిడ్ టీకా ఆర్‌ఎన్‌ఏతో చేసిందే. మామూలు ఆర్‌ఎన్‌ఏ ఎక్కిస్తే టోల్ లాంటి గ్రాహకాలు (ఇవీ కణంలోని కాపలా ప్రోటీన్లే) పసిగట్టి గోల చేస్తాయి. కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఆర్‌ఎన్‌ఏలో యూరిడిన్ అనే అక్షరం తీసేసి, దాని మారురూపం సూడోయూరిడిన్ పెట్టి చూస్తే ఆ గోల బాగా తగ్గింది. ఆ సంగతి 2005లో రాస్తే అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ, నోబెల్ వచ్చింది 2023లో. పెద్దోడి టీకాలో ఉన్నది ఆ సూడోయూరిడిన్‌కి దగ్గరి చుట్టమే, వాడికి చెప్పండి.

మీ తాతయ్య