కోడి చీము కారదు, గట్టిపడుతుంది

దేవరకొండ వైపు నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న. "మా పెట్ట వారం నుంచి కుంటుతోంది. అరికాలి కింద నల్లటి పొక్కు, పాదం ఉబ్బింది. సూదితో పొడిచి ఎంత పిండినా చుక్క సీము రాలేదు. సీమే లేకపోతే ఆ ఉబ్బు దేనిదండీ?"

సీము ఉందమ్మా. పిండితే కారే రకం కాదంతే. మీ పెట్ట పాదంలో ఉన్నది గట్టిగా, పసుపు తెలుపు రంగులో, జున్నుముక్కలా ఉంటుంది. కోడి జాతి మొత్తానికీ ఇంతే. ఈ ఒక్క తేడా తెలియక ఎన్నో కోళ్ల కాళ్లు పాడవుతున్నాయి. మనిషి కురుపుకి చేసే వైద్యమే కోడికీ చేస్తారు, అది సరిగ్గా ఎదురు తిరుగుతుంది.

మనకు ముల్లు గుచ్చుకుని కురుపు లేచిందనుకోండి. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు లక్షల్లో అక్కడికి చేరి, సూక్ష్మజీవుల్ని మింగి, తామూ చచ్చిపోతాయి. చచ్చేటప్పుడు వాటి కడుపులోని ఎంజైములు బయటపడి, చుట్టూ ఉన్న చచ్చిన కండను జీర్ణం చేస్తాయి. అలా కరిగిన రసమే మన చీము. వాటిలో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము ఒకటుంది. అది హైడ్రోజన్ పెరాక్సైడునూ ఉప్పులోని క్లోరైడునూ కలిపి హైపోక్లోరస్ ఆమ్లం తయారుచేస్తుంది. నీళ్ల ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలిపినప్పుడు క్రిముల్ని చంపేదీ ఇదే పదార్థం. ఈ ఎంజైము రంగు ఆకుపచ్చ. మన చీములో కనిపించే పచ్చదనం చాలావరకు దానిదే.

కోడిలో ఆ పని చేసే కణం పేరు హెటరోఫిల్. సూక్ష్మదర్శిని కింద రంగు వేసి చూస్తే దాని నిండా ఇటుకరంగు రేణువులు, కదుళ్లలా రెండు కొనలూ సన్నగా కనిపిస్తాయి. అదీ క్రిముల్ని మింగుతుంది. క్రిమి పొరకు చిల్లులు పొడిచే ప్రోటీన్లతో, లైసోజైము అనే ఎంజైముతో చంపుతుంది. మైలోపెరాక్సిడేజ్ మాత్రం దాని దగ్గర లేదు. కండను కరిగించి రసం చేసే సత్తువ కూడా తక్కువ. అందుకే చచ్చిన హెటరోఫిల్స్ కరగకుండా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. నెత్తుటి నుంచి ఊరిన ఫైబ్రిన్ అనే నారలాంటి ప్రోటీను వాటిని అంటించి పట్టి ఉంచుతుంది. తడి ఇంకిపోతుంది. ఆ ముద్ద చుట్టూ మాక్రోఫేజులు అనే మింగుడు కణాలు చేరి, కొన్ని కలిసిపోయి పెద్దపెద్ద కణాలవుతాయి. వాటి వెలుపల నారకండ గోడ కడుతుంది. రెండు మూడు వారాల్లో పాదంలో ఒక గింజ తయారవుతుంది.

తెల్ల రక్తకణాల పాఠం చెప్పేటప్పుడు బడిలో మనిషి నెత్తురుతోనే ఆపేస్తాం. ఇంటి వాకిట్లో కోళ్లు తిరిగే పిల్లలకు ఈ తేడా ఒక్కటి చెబితే ఆ పాఠం ఎన్నటికీ మరవరు. పాములు, మొసళ్లు, తాబేళ్ల చీము కూడా ఇలాగే గట్టిపడుతుందని చెబితే పక్షికీ సరీసృపానికీ ఉన్న చుట్టరికం దానంతటదే అర్థమవుతుంది.

దీన్ని కోడికి ఉన్న లోపం అనడానికి లేదు. రోజంతా పెంటకుప్ప గీకే ప్రాణి అది. క్రిమిని ఒళ్లంతా పాకనివ్వకుండా ఒకచోట గోడ కట్టి బంధించడం దానికి మేలే. చిక్కంతా మన వైద్యంతోనే. పిండితే గింజకు బయటికి దారి ఉండదు. ఆ ఒత్తిడికి గోడ పగిలి, క్రిములు లోపలి నరాల తొడుగుల్లోకి పోతాయి. (నరం అని మనం వాడుకలో అనేది ఇక్కడ వేళ్లను లాగే స్నాయువు.) అక్కడి నుంచి కీలుకు, ఎముకకు. నిన్న కుంటిన కోడి రేపు కాలే మోపదు. యాంటీబయాటిక్ మాట తీసుకుంటే, మందు వచ్చేది నెత్తుటి దారిన. గింజలోకి రక్తనాళం ఒక్కటి కూడా పోదు. నల్లగొండ గుట్టల మీది బండలు చూడండి. మీద ఎంత వాన కురిసినా నడిమికి తడి చేరదు. ఇదీ అంతే. మందు పనిచేయాలంటే ముందు గింజ బయటికి రావాలి.

ఇక్కడ జిల్లేడు పాల సంగతి చెప్పాలి. ముల్లు దిగితే జిల్లేడు పాలు పోయడం మన దగ్గర పాత అలవాటు. ఆ పాలల్లో ప్రోటీన్లను కరిగించే ఎంజైములు నిజంగానే ఉన్నాయి. అంటే కోడి చీములో కొరవడిన పనే అవి చేస్తాయి. ఇది కనిపెట్టిన పెద్దలది మంచి చూపు. కానీ ఆ ఎంజైములకు చచ్చిన కండకూ బతికిన కండకూ తేడా తెలియదు. పైగా ఆ పాలల్లో గుండెను దెబ్బతీసే విషాలూ ఉన్నాయి. కోడి కాలితోనే కన్ను గోక్కుంటుంది. పాలు అంటిన గోరు కంట్లో పడితే కనుగుడ్డు మసకబారుతుంది. వద్దు. సురుకులు పెట్టడం అంతకన్నా వద్దు. కాలిన పుండు ఇంకో కొత్త దారి తెరుస్తుంది. దిష్టికి కట్టే నల్లదారం, గుర్తుకు కట్టే గుడ్డపీలిక కూడా కాలికి ఉంచకండి. పాదం ఉబ్బగానే అవి బిగుసుకుని నెత్తురు ఆపేస్తాయి. పసుపు పైపైన రాస్తే హాని లేదు. పొడిగా పుండులో కూరితే మాత్రం కోడి దాన్నీ ముల్లులాగే చూసి, చుట్టూ మళ్లీ గోడ కడుతుంది.

ఇక చేసే పని. పొక్కు కందిపప్పు బద్దంత ఉండి, పాదం కొంచెమే ఉబ్బితే ఇంట్లో చేయవచ్చు. ఉబ్బు రేగుపండంత అయినా, వేళ్ల సందుల్లోంచి పాదం మీదికి పాకినా, మడమ కీలు లావెక్కినా పశువైద్యుడే కోయాలి. బ్లేడు పట్టకండి. మత్తు కోసం మనుషుల ఇంజక్షన్లు, మొద్దుబార్చే పూతలు వాడకండి. అవి కొంచెం ఎక్కువైనా పక్షి తట్టుకోలేదు.

పొద్దుగూకాక మొదలుపెట్టండి, చీకట్లో కోడి నెమ్మదిగా ఉంటుంది. పాత తువ్వాలు వదులుగా చుట్టి, తల మీద పలచని గుడ్డ కప్పి, ఒకరు ఒళ్లో పట్టుకోవాలి. రొమ్ము నొక్కకూడదు. కోడికి మనలా విభాజక పటలం లేదు, రొమ్ముటెముక కిందికీ పైకీ ఆడితేనే ఊపిరి ఆడుతుంది. గట్టిగా పట్టుకుంటే మీ చేతుల్లోనే పోతుంది. చాలాసేపు వెల్లకిలా ఉంచడం కూడా మంచిది కాదు. చేతులకు గ్లౌజులు వేసుకోండి. ఈ పుండులో ఎక్కువగా ఉండేది స్టఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా, అది మన చర్మం మీదా కురుపులు లేపగలదు.

రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్లలో నాలుగు పెద్ద చెంచాల ఎప్సమ్ ఉప్పు కరిగించి, పాదం 15 నిమిషాలు నాననివ్వండి. ఆ నీళ్లు కోడి తాగకూడదు, తాగితే విరేచనాలే. తర్వాత సబ్బుతో కడిగి తుడవండి. బీటాడిన్ ద్రావణం ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపితే పలచని డికాషన్ రంగు వస్తుంది, దానితో పాదమంతా తడపండి. ఇప్పుడు పొక్కు అంచు చూడండి. మెత్తబడి తెల్లగా లేస్తుంటే పట్టకారుతో అంచు పట్టి, నిదానంగా పైకి లాగండి. నేల పదునుగా ఉన్నప్పుడు గరిక వేరుతో సహా వచ్చినట్టు, నల్లటి మూత వెంట పసుపుపచ్చని మొలక ఒకటి వస్తుంది. అదే గింజ. ఊడకపోతే ఆపేయండి, రేపు మళ్లీ నానబెట్టండి. మూడు నాలుగు రోజులు పట్టవచ్చు. లాగితే నెత్తురు వస్తోందంటే మీరు బతికిన కండను లాగుతున్నారన్నమాట.

గింజ వచ్చాక గుంట మిగులుతుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే ఒకటిన్నర చిన్న చెంచా, కలిపి, సూది తీసేసిన 10 మిల్లీలీటర్ల సిరంజితో గుంటను కడగండి. హైడ్రోజన్ పెరాక్సైడు రోజూ పోయకండి, కొత్తగా లేచే కండను అది చంపుతుంది. బీటాడిన్ ఆయింట్‌మెంటు, దాని మీద గాజుగుడ్డ మడత. ఆపైన అసలు కిటుకు: పాత హవాయి చెప్పు అట్ట నుంచి రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్ద ముక్క కోసి, నడుమ చిల్లు పెట్టండి. చిల్లు సరిగ్గా పుండు కిందికి రావాలి. బరువంతా చుట్టూ ఉన్న రింగు మీద పడి, పుండుకు నేల తగలదు. వేలెడు వెడల్పు, మూరెడు పొడవు నూలు పట్టీతో వేళ్ల సందుల్లోంచి పోనిచ్చి, పిక్క చుట్టూ తిప్పి కట్టండి. వేళ్ల కొసలు బయటికి కనిపించాలి. గంట తర్వాత తాకి చూడండి, చల్లబడినా ఉబ్బినా కట్టు బిగుతైనట్టే. మొదటి నాలుగు రోజులు రోజూ, తర్వాత రోజు మార్చి రోజు కట్టు మార్చండి. గుంట పూడటానికి రెండు నుంచి నాలుగు వారాలు.

ఈ రోజుల్లో కోడిని విడిగా గంప కింద ఉంచండి. అడుగున నాలుగంగుళాల వరిపొట్టు, నీళ్లు మెడ చాపితే అందేంత దగ్గర. మన ఎండల్లో కుంటికోడి పుండుతో చచ్చేది తక్కువ, నీళ్ల దాకా నడవలేక చచ్చేది ఎక్కువ. నొప్పికి ఇంట్లో ఉన్న మాత్రలు వేయకండి. డైక్లోఫెనాక్ తిన్న పశువుల కళేబరాలు పీక్కుతిని రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చాయనే 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. పక్షి మూత్రపిండం అంత సున్నితం. వైద్యుడు యాంటీబయాటిక్ రాస్తే, ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో అడిగి తెలుసుకోండి.

"ఒళ్లు కాలిపోతోంది" అని భయపడేవాళ్లుంటారు. కోడి మామూలు వేడి 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్, ఎప్పుడు ముట్టినా మనకు జ్వరంలాగే తోస్తుంది. రెండు పాదాలనూ వేళ్ల వెనక వైపుతో తాకి పోల్చండి. ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే అక్కడే జబ్బు.

అరికాలు శుభ్రంగా ఉండీ కుంటితే? అప్పుడు కాలు వదిలేసి పైకి వెతకాలి. కోడి కాలికి పోయే పెద్ద నాడి వేళ్లు మూత్రపిండం గుండానే వెళ్తాయి. కాబట్టి మూత్రపిండం వాచినా, గడ్డ లేచినా, గుడ్డు అడ్డం పడి నొక్కినా కాలే పడిపోతుంది. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కు చాపి పడుకున్న ఎదిగే కోడికి మారెక్స్ అనుమానించాలి. 1907లో హంగరీ పశువైద్యుడు యోజెఫ్ మారెక్ వర్ణించిన వైరస్ జబ్బు ఇది. మందు లేదు, పుట్టిన రోజే వేయించే టీకా ఉంది. వేళ్లు లోపలికి ముడుచుకున్న కోడిపిల్లలకు రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) లోటు, వట్టి నూకల మీద పెరిగితే వచ్చేది. మెడ మెలిపడి, ఆకుపచ్చగా రెట్ట వేస్తే అది కొక్కెర తెగులు కావచ్చు. వెంటనే విడిగా పెట్టి పశువైద్యశాలకు కబురు చేయండి.

పాదం గింజకు తిరిగి వద్దాం. అది మళ్లీ రావడానికి మూడు దార్లు. మొదటిది సర్కారు తుమ్మ ముల్లు, పలుగురాళ్లు. రెండోది దూకుడు. గోడ మీది నుంచో వేపకొమ్మ మీది నుంచో బండల మీదికి దూకే బరువైన పుంజుకే ఇది ఎక్కువ. గూట్లో కర్ర మోకాలి ఎత్తు మించకూడదు. సన్నటి గుండ్రటి కర్ర కన్నా రెండంగుళాల వెడల్పు పలక, అంచులు నున్నగా చేసింది, మేలు. కోడి మోకాళ్లు మడిచి కూర్చోగానే స్నాయువులు లాగి వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి, నిద్రలోనూ పట్టు వదలదు. కర్ర సన్నమైతే రాత్రంతా బరువు అరికాలిలో ఒక్క చోటే పడుతుంది. మూడోది తిండి. నూకల్లో, తెల్లజొన్నల్లో విటమిన్ ఏ దాదాపు లేదు. అది లేని చర్మం పొలుసు కట్టి పగులుతుంది. రోజూ గుప్పెడు మునగాకు, కొంత తెల్లజొన్న బదులు పసుపు మక్కలు వేయండి.

గుంట పూడి, గులాబీ రంగు చర్మం వచ్చి, బొటనవేలితో నొక్కినా కోడి కాలు లాక్కోనప్పుడు కట్టు తీసేయండి. ఇంకో రెండు వారాలు పొట్టు మీదే పడుకోనివ్వండి. ఆ చర్మం మీద పాత గరుకు పొలుసు రాకముందే కర్ర ఎక్కనిస్తే, అదే చోట మళ్లీ నల్లచుక్క కనిపిస్తుంది.