తెల్లగా మెరిసే తూటా కేసులు: అపోహలు - వాస్తవాలు

పేల్చిన కేసులో కొత్త ప్రైమర్ (నిప్పు రాజేసే బిళ్ల), పౌడర్ (మందు), బుల్లెట్ పెట్టి మళ్లీ తూటా చేసుకోవడమే రీలోడింగ్. నేనుండే టెక్సస్‌లో చాలామంది గ్యారేజీల్లో చేసే పనే. కేసు అంటే ఆ ఖాళీ గొట్టం, పోలీసు కేసు కాదు. ఇండియాలో లైసెన్సు లేకుండా చేస్తే మాత్రం 1959 ఆయుధాల చట్టం కింద ఆ కేసు కూడా అవుతుంది.

అపోహ: తెల్లగా ఉంది, స్టీలే.
కాదు. ఇత్తడి గిన్నెకు కళాయి వేసినట్టే ఇది కూడా. లోపల 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడి, పైన పలచగా నికెల్. ఒకప్పుడు అమెరికా పోలీసులు .38 రివాల్వర్ తూటాలను తోలు బెల్టుకు గుచ్చుకుని తిరిగేవారు. తోలు తగిలి ఇత్తడికి చిలుము పట్టేది. నికెల్‌కు ఆ బెడద లేదు.

అపోహ: మళ్లీ లోడ్ చేయకూడదు.
చేయొచ్చు. కాకపోతే మామూలు ఇత్తడికన్నా ముందే మూతి దగ్గర చీలుతుంది. అందుకే నాలుగైదు కేసులు అరచేతిలో వేసి గలగలలాడిస్తాను. వాటిలో చీలింది ఉంటే మోత బొంగురుగా వస్తుంది. పిస్టల్ కేసులైతే నాకు ఏ ఇబ్బందీ లేదు. రైఫిల్‌వి మాత్రం పక్కన పెట్టేస్తాను, పొడవు తగ్గించడానికి మూతిని ట్రిమ్ చేసేసరికి ఆ గట్టి పూతకు బ్లేడు మొద్దుబారుతుంది.

అపోహ: డైలు (కేసును మళ్లీ సైజుకు నొక్కే అచ్చులు) పాడవుతాయి.
బాగా గట్టిదైన కార్బైడ్ డైకి ఏమీ కాదు. స్టీలు డైలో మాత్రం ఊడిన పూత ఇరుక్కుంటే తర్వాతి కేసులన్నిటికీ గీతలు పడతాయి. పొరలు లేచిన కేసు చెత్తబుట్టకే.

అపోహ: ఇత్తడి కేసులో నడిచిన లోడే (పౌడర్ కొలతే) ఇందులోనూ నడుస్తుంది.
కేసు మారితే లోపలి ఖాళీ మారొచ్చు, ఒత్తిడీ మారుతుంది. రీలోడింగ్ మాన్యువల్లో ఉన్న ప్రారంభ లోడ్ నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

అపోహ: పూత ఉందిగా, ఏం పెట్టి తోమినా పర్లేదు.
పూత గీసుకుపోయిన చోట ఉన్నది ఇత్తడే, దానికి అమ్మోనియా పడదు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోనే, గుర్రాల సాలల్లో దాచిన తూటాల కేసులు వానాకాలం వచ్చేసరికి వాటంతటవే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియానే కారణమని 1921లో గానీ తేలలేదు. పాలిష్ సీసా కొనేముందు అందులో అమ్మోనియా ఉందేమోనని నేను లేబుల్ తిప్పి చూసేది అందుకే.