ఐస్‌లో పెట్టిన చేప ఎందుకు పాడైంది?

కళింగపట్నం

చిన్నీ, బుజ్జీ,

సంక్రాంతికి వచ్చినప్పుడు మీరడిగిన ప్రశ్నకి వంటపనిలో పడి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. బందరువానిపేట నుంచి తెచ్చిన వంజరం ముక్కల్ని ఐస్‌లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచినా నాలుగైదు రోజులకి వాసనొచ్చాయి కదా. "చలికి బాక్టీరియా చచ్చిపోదా అమ్మమ్మా?" అన్నాడు బుజ్జి.

చావదు నాన్నా. చాలావాటికి చలిలో పని నెమ్మదిస్తుంది, అంతే. సూడోమోనాస్, షివానెల్లా లాంటి కొన్ని రకాల బాక్టీరియా అయితే ఐస్ మీద కూడా పెరుగుతాయి. ఆ వాసన ఎక్కువగా వాటి పనే.

ఎలా తట్టుకుంటాయో చెప్తాను. ధనుర్మాసంలో తెల్లారేసరికి నెయ్యి పేరుకుపోతుంది. పక్కనే ఉన్న నువ్వులనూనె పల్చగానే ఉంటుంది. బాక్టీరియా ఒంటి చుట్టూ ఉండే పొరలో ముఖ్యమైనది కొవ్వే. తిండి లోపలికి రావాలన్నా, చెత్త బయటికి పోవాలన్నా ఆ పొర మెత్తగా కదులుతుండాలి. అందుకే చలిలో బతికేవి నెయ్యిలాంటి కొవ్వు తగ్గించి, నూనెలాంటి కొవ్వు పెంచుకుంటాయి. మీ పుస్తకంలో దాన్ని అసంతృప్త కొవ్వు అంటారు. దాని అణువుల్లో వంపు ఉంటుంది. మన సరుగుడు తోటల్లో చూశారుగా, తిన్నటి కర్రలైతే మోపు బిగుతుగా వస్తుంది. వంకర కర్రలు ఎంత కట్టినా సందులుంటాయి. ఆ సందులే పొరని మెత్తగా ఉంచుతాయి.

ఒంట్లో రసాయన పనులు చేసిపెట్టే వాటి ఎంజైములు కూడా చలిలో పనిచేసేలా కాస్త వదులుగా ఉంటాయి.

ఇప్పుడు సముద్రం సంగతి. మన ఒడ్డున నీళ్లు వెచ్చగా ఉన్నా, బాగా లోతుకి పోతే రెండు నుంచి నాలుగు డిగ్రీలే. పైగా ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. పసిఫిక్‌లోని మరియానా అగాధం దాదాపు 11 కిలోమీటర్ల లోతు. అక్కడ మీ బొటనవేలి గోరంత చోటు మీద టన్నుకి పైగా బరువు పడుతుంది! అయినా బాక్టీరియా చితికిపోదు. లోపలా నీళ్లే, బయటా నీళ్లే, రెండు వైపులా ఒకే ఒత్తిడి. కానీ ఆ ఒత్తిడికి పొరలోని కొవ్వు దగ్గరకు నొక్కుకుని గట్టిపడుతుంది, అచ్చం చలికి పేరుకున్నట్టే. అందుకే అక్కడా అదే మందు, వంకర కర్రలే. రెండు వేర్వేరు కష్టాలకి ఒకే ఉపాయం దొరకడం నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా అపురూపంగానే ఉంటుంది.

1981లో యయనోస్ అనే శాస్త్రవేత్త బృందం ఆ అగాధం నుంచి తెచ్చిన ఒక బాక్టీరియా గురించి ప్రకటించింది. మామూలు పీడనంలో అది పెరగనే లేదు. మనల్ని నలిపేసే ఒత్తిడే దానికి ఇల్లు. అక్కడ కూడా ఒకటి రెండవడానికి ఒక రోజుకి పైనే పడుతుంది. మన పేగుల్లో ఉండే ఇ. కోలైకి అనుకూలమైన చోట 20 నిమిషాలు చాలు.

అంటార్కిటికా చలి బాక్టీరియా మీద మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త శివాజీ గారి బృందం ఏళ్లపాటు పనిచేసింది. పెద్దయ్యాక ఆ పని గురించి వెతికి చదవండి.

ఇప్పుడు మీరు ఒకటి చెయ్యాలి. మూడు చిన్న గిన్నెల్లో నెయ్యి, కొబ్బరినూనె, నువ్వులనూనె ఒక్కో చెంచా పోసి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి. ఏది ఎలా మారుతుందో ముందే కాగితం మీద రాసుకోండి. పొద్దున్న చెంచాతో కదిపి చూసి, అనుకున్నదీ జరిగిందీ రెండూ నాకు రాయండి.

మీ అమ్మమ్మ