జ్వరం కనిపించని జబ్బు: వృద్ధుల్లో ఇన్ఫెక్షన్లపై అపోహలు - వాస్తవాలు

అపోహ: ఒళ్లు కాలడం లేదు కనుక ఇన్ఫెక్షన్ లేదు.

శ్రీకాకుళంలో వైద్యం చేస్తున్న నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఈ నమ్మకానికే. "జ్వరం లేదండి, రెండు రోజులుగా ముద్ద మింగడం లేదు, రాత్రి నుంచి సంధి మాటలు మాట్లాడుతున్నారు" అని తండ్రిని తీసుకొచ్చిన కొడుకు చెబుతాడు. తాను చెబుతున్నవి న్యుమోనియా లక్షణాలు కావచ్చునని అతనికి తోచదు. తీవ్రమైన ఇన్ఫెక్షన్ సోకిన వృద్ధుల్లో సుమారు 20 నుంచి 30 శాతం మందికి జ్వరం స్వల్పంగా వస్తుంది, లేదా అసలు రాదు. ఉన్నట్టుండి మతి తప్పడం, నిన్నటిదాకా నడిచిన మనిషి లేవలేకపోవడం, తూలిపడటం వారిలో తొలి సూచనలు కావచ్చు. థర్మామీటరు లేకపోయినా ఛాతీ కదలికను చూస్తూ ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టవచ్చు. అది 25 దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురావాలి. పిల్లలు విశాఖకో హైదరాబాదుకో వలస వెళ్లగా వృద్ధ దంపతులిద్దరే మిగిలిన ఇళ్లలో ఈ మార్పును గమనించేవారే ఉండరు కాబట్టి, ఆ ఒంటరితనాన్ని కూడా నేను ప్రమాద కారణంగానే లెక్కిస్తాను.

అపోహ: అంతా వయసు వల్లనే, చేయగలిగిందేమీ లేదు.

వయసుతో రోగనిరోధక శక్తి తగ్గుతుందన్నది నిజమే. అయితే తన పనులు తాను చేసుకునే 80 ఏళ్ల రైతు కన్నా, మంచం పట్టి చిక్కిపోయిన 65 ఏళ్ల మనిషికే ఇన్ఫెక్షన్ వల్ల ప్రాణాపాయం ఎక్కువగా ఉండవచ్చు. మధుమేహం ఉన్నవారికి క్షయ సోకే అవకాశం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. ఉద్దానంలో ఇంటింటా వినిపించే కిడ్నీ జబ్బు కూడా రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తుంది. డయాలసిస్ చేయించుకునేవారి మరణాలకు గుండె జబ్బుల తరువాత ప్రధాన కారణం ఇన్ఫెక్షన్లే. మోకాళ్ల నొప్పులకని పొట్లాల్లో కట్టి ఇచ్చే పేరు లేని మాత్రల గురించి మాత్రం నేను ప్రతి ఇంటివారినీ విడిగా అడుగుతాను. వాటిలో స్టిరాయిడ్ ఉంటే నొప్పి తగ్గినట్టే ఉంటుంది, కానీ లోపల రోగనిరోధక శక్తి పడిపోతుంది, రావలసిన జ్వరం కూడా పైకి కనిపించదు. చాలాకాలంగా వాడుతున్నవాటిని ఒక్కసారిగా ఆపేయడమూ ప్రమాదమే కాబట్టి, మిగిలిన పొట్లాన్ని పారేయకుండా వైద్యుడి దగ్గరకు తీసుకురండి.

అపోహ: పక్షవాతం వచ్చినవారికి పడుకోబెట్టే గంజి పట్టవచ్చు.

పట్టకూడదు. మింగే శక్తి తగ్గినవారికి గంజి పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కొందరికి దగ్గు కూడా రాదు. నిటారుగా కూర్చోబెట్టి కొద్దికొద్దిగా తినిపించి, ఆ తరువాత అరగంట పాటు అలాగే కూర్చోనివ్వాలి. పళ్లు ఊడిపోయినవారికైనా రోజూ నోరు శుభ్రం చేయాలి, ఎందుకంటే నోట్లో పేరుకున్న సూక్ష్మజీవులే లాలాజలంతో పాటు జారి న్యుమోనియాకు దారితీస్తాయి.

అపోహ: టీకాలు పిల్లలకే.

ఫ్లూ టీకాను ఏటా, న్యుమోనియా తెచ్చే ఒక ముఖ్యమైన బ్యాక్టీరియా నుంచి కాపాడే న్యుమోకాకల్ టీకాను వైద్యుడి సలహాపై పెద్దలూ వేయించుకోవాలి. ఫ్లూ నిర్ధారణ అయిన తొలి వారంలో గుండెపోటు ముప్పు సుమారు ఆరు రెట్లు పెరిగినట్టు కెనడాలోని ఆంటారియోలో జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. అందుకే గుండె జబ్బు ఉన్న పెద్దలకు ఈ టీకాను నేను ముందుగా సూచిస్తాను.